కాలిమీద ఉబ్బినది నరం కాదు

సావనీరుకు ఏదైనా రాసి ఇవ్వమని యూనియన్ మిత్రులు ముగ్గురు వచ్చి అడిగారు. ఫిజిక్స్ వాణ్ణి గదా, కృష్ణబిలాల గురించో క్వాంటం కంప్యూటర్ల గురించో రాస్తానని ఆశించి ఉంటారు. నా కాళ్ళ గురించి రాస్తానన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకబ్బాయి మర్యాద కోసం, "కాళ్ళ గురించి అంటే... యాత్రల గురించా సార్?" అన్నాడు. కాదు నాయనా, అచ్చంగా కాళ్ళ గురించే.

ఇరవై ఆరేళ్ళుగా ఈ కాలేజీలో నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెబుతున్నాను. కూర్చుని చెప్పడం నాకు చేతకాదు. మా గురువులెవరూ అలా చెప్పగా చూడలేదు. రోజుకు మూడు నాలుగు గంటలు క్లాసులు, ఆపైన ప్రాక్టికల్స్, పరీక్షల రోజుల్లో మూడేసి గంటల ఇన్విజిలేషను. నలభై నిండిన ఏడాది ఎడమ పిక్కమీద మెలికలు తిరిగిన నీలం తాడు లాంటిది కనిపించింది. రెండేళ్ళలో అది మోకాలి లోపలి పక్కగా తొడమీదికి పాకింది. సాయంత్రమయ్యేసరికి కాలు ఇసుకబస్తాలా బరువెక్కేది. చీలమండ చుట్టూ వాపు, ఆ వాపుమీద మేజోటి పట్టీ అచ్చు. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే లేచి కూర్చుని నొక్కుకునేవాణ్ణి.

"నరాలు ఉబ్బాయండీ, నరాల బలహీనత" అన్నారు చూసినవాళ్ళంతా. ఆ ఒక్క మాట మూలాన నాకు ఏడేళ్ళు వృథాగా పోయాయి.

మన తెలుగులో "నరం" అన్న మాటకు ఉన్నంత ఔదార్యం ఇంకే మాటకూ లేదేమో. చేతిమీద నీలంగా కనిపించేదీ నరమే, కాలు తిమ్మిరెక్కితే నొక్కుకుపోయిందనుకునేదీ నరమే, కోపం వస్తే కణత దగ్గర పొంగేదీ నరమే. సెలైను పెట్టే నర్సమ్మ "నరం దొరకడం లేదు" అంటుంది, పక్షవాతం వైద్యుణ్ణి "నరాల డాక్టరు" అంటాం. నిజానికి ఇవి మూడు వేరు వేరు సరుకులు. గుండెనుంచి రక్తాన్ని తీసుకుపోయేది ధమని. వాడిన రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చేది సిర. మెదడుకీ శరీరానికీ మధ్య కబుర్లు మోసేది నాడి. దీనిలో రక్తం పారదు. నా కాలిమీద ఉబ్బినది సిర. నేను మింగినవి నాడులకు బలమిచ్చే విటమిన్ మాత్రలు. మునిసిపాలిటీ కుళాయి కారుతుంటే టెలిఫోను తీగ మార్పించుకున్నట్టయింది నా పని. పైగా ప్రతి ఆదివారం తైలం రాసి గట్టిగా మర్దన కూడానూ.

నా సంగతి నయం. మా ల్యాబులో ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్న అటెండరు ఒకాయన ఉన్నాడు. విద్యార్థులు, మేము, అందరం "పెద్దయ్యా" అనే పిలుస్తాం. ఆయన కుడి చీలమండకు లోపలివైపు చర్మం ముందు గోధుమరంగుకు తిరిగి, తర్వాత నల్లబడి, చెక్కలా గట్టిపడి, దురద పెట్టి పెట్టి చివరకు రూపాయి బిళ్ళంత పుండు పడింది. ఒకరు తామర అన్నారు, ఒకరు గజ్జి అన్నారు, ఒకరు పరీక్ష చెయ్యకుండానే షుగరు పుండన్నారు. అయిదేళ్ళపాటు రకరకాల ఆయింట్‌మెంట్లు. పుండు మానినట్టే మాని మళ్ళీ విచ్చుకునేది. వాసన వస్తుందేమోనని ఆయన ఎవరి పక్కనా నిలబడేవాడు కాదు. పాంటు కింద గుడ్డ చుట్టుకుని, గాల్వనామీటర్లు అందించి, దూరంగా వెళ్ళి తలుపు దగ్గర నుంచునేవాడు. అదంతా రోజూ చూస్తూనే ఉన్నాం. ఆ పుండుకూ నా నీలం తాడుకూ ఒకటే మూలమని నాకు తట్టలేదు, ఆయనకూ తెలియలేదు.

తెలిసిందెలాగో చెబుతాను. మూడేళ్ళ కిందట దసరా సెలవుల్లో ఒక ఉదయం వేడినీళ్ళ స్నానం చేసి కాలు తుడుచుకుంటున్నాను. చీలమండ దగ్గర చిన్న నీలం పొక్కులాంటిది ఉండేది. తువ్వాలు దానికి రాసుకుంది. నొప్పి ఏమీ లేదు. కిందికి చూస్తే గచ్చంతా ఎరుపు. పిచికారీ కొట్టినట్టు సన్నటి ధార. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి తువ్వాలు చింపి మోకాలి కింద బిగించి కట్టింది. ధార ఇంకా పెరిగింది. కేకలు విని ఎదురింటి నర్సమ్మ వచ్చి, "ఆ కట్టు విప్పండి! అన్నయ్యగారిని పడుకోబెట్టండి, కాలు పైకెత్తండి" అని, గడపమీద నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, మడమను స్టూలుమీదికెక్కించి, మడత పెట్టిన గుడ్డను ఆ చుక్కమీద అదిమిపట్టింది. పది నిమిషాల్లో ఆగిపోయింది.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు, సిగ్గు. ఆ నర్సమ్మ చేసినది మొదటి సంవత్సరం హైడ్రోస్టాటిక్స్ పాఠం. ఇరవై ఆరేళ్ళు అది చెప్పినవాణ్ణి నేను!

లెక్క చాలా సులువు. నిలబడ్డ మనిషిలో గుండెకూ చీలమండకూ మధ్య ఎత్తు సుమారు 120 సెంటీమీటర్లనుకోండి. రక్తం సాంద్రత నీటికన్నా కొంచెం ఎక్కువ, 1.06. ఎత్తును, సాంద్రతను, గురుత్వ త్వరణాన్ని గుణించి పాదరసం కొలతలోకి మార్చండి. దాదాపు 93 మిల్లీమీటర్లు వస్తుంది. కదలకుండా నిలబడ్డ మనిషి పాదం దగ్గర సిరలో వైద్యులు కొలిచిన పీడనం కూడా 80 నుంచి 100 దాకానే. పడుకుని కాలెత్తితే ఆ ఎత్తు సున్నాకు వచ్చి ఇంకా కిందికి పోతుంది. ఇక ధార ఎక్కణ్ణుంచి వస్తుంది? పైన బిగించి కడితే రక్తం పైకి వెళ్ళే దారి మూసుకుపోయి కింద పీడనం పెరుగుతుంది. అందుకే కట్టు కట్టగానే ధార హెచ్చింది. సిర పగిలినప్పుడు నిలబడే ఉండిపోయి, రక్తం పోయి చనిపోయినవారు ఉన్నారని తర్వాత తెలిసి ఒళ్ళు జలదరించింది. ఇంట్లో ఉబ్బిన సిరలవాళ్ళున్నవారు ఈ పేరా ఇంకోసారి చదవండి.

మరి అంత ఎత్తున్న రక్తస్తంభాన్ని రోజంతా పైకి నెట్టేదెవరు? గుండె తోపు అక్కడికి వచ్చేసరికి చాలా మట్టుకు అయిపోతుంది. పని చేసేది పిక్క. పిక్క కండరాలు బిగిసినప్పుడల్లా లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. అది మళ్ళీ కిందికి జారకుండా సిరల లోపల జేబుల్లాంటి కవాటాలు ఉంటాయి. నాలుగు అడుగులు నడిస్తే చాలు, పాదం దగ్గర 90 ఉన్న పీడనం 20, 30 ప్రాంతానికి దిగుతుంది. ఈ కవాటాలను వివరిస్తూ 1603లో పుస్తకం అచ్చువేసినవాడు ఇటలీలో పాదువా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫాబ్రీసియస్. వాటి అసలు ప్రయోజనం ఆయనకు సరిగ్గా అంతు చిక్కలేదు. రక్తం కిందికి మరీ జోరుగా పోకుండా ఆపడానికేమో అనుకున్నాడు. ఆయన దగ్గర చదువుకుని ఇంగ్లండు వెళ్ళిన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణ సిద్ధాంతం ప్రకటించినప్పుడు గాని ఆ తలుపులు ఎటు తెరుచుకుంటాయో అర్థం కాలేదు. గురువు చూపించినదాన్ని శిష్యుడు అర్థం చేసుకోవడం విశ్వవిద్యాలయాల్లో అప్పుడప్పుడూ జరుగుతూనే ఉంటుంది.

కాలిలో సిరలు రెండంతస్తులు. కండరాల మధ్య లోతు సిరలు. పదింట తొమ్మిది వంతుల రక్తం వాటిగుండానే పోతుంది. చర్మం కింద పై సిరలు. చీలమండ లోపలి వైపునుంచి గజ్జ దాకా పోయే పెద్ద సఫీనస్ సిర, పిక్క వెనక పోయే చిన్న సఫీనస్ సిర వీటిలో ముఖ్యమైనవి. గజ్జ దగ్గర కవాటం బిగువు పోయి కారడం మొదలైందంటే పై స్తంభం బరువంతా దాని కింది కవాటం మీద పడుతుంది. అదీ సాగుతుంది, అదీ కారుతుంది. అలా మెట్టు మెట్టుగా దిగుతుంది. చివరకు చర్మం పల్చగా ఉన్న చోట కొమ్మలు వంకరలు తిరిగి బయటికి కనిపిస్తాయి. అవే వెరికోస్ సిరలు. అంటే పిక్కమీద కనిపించేది రోగం కాదు, పొంగి పొర్లిన నీరు. గండి ఎక్కడో పైన ఉంది.

అమ్మానాన్నలకుంటే పిల్లలకు రావడం ఎక్కువ. ఆడవాళ్ళకు కాన్పుకూ కాన్పుకూ పెరుగుతాయి. వయసు, స్థూలకాయం, రోజంతా నిలబడే వృత్తి దీనికి ఆజ్యం పోస్తాయి. లెక్చరర్లు సరే, బట్టల దుకాణాల్లో పొద్దస్తమానం నుంచునే అమ్మాయిలను, హోటలు వంటవాళ్ళను, మంగలి దుకాణం వాళ్ళను, ట్రాఫిక్ కానిస్టేబుళ్ళను తలుచుకోండి. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. కూర్చోవడానికి కూడా చట్టం కావలసి వచ్చింది చూడండి.

ఇక్కడ విద్యార్థినులకోసం ఒక మాట. తొడమీద, మోకాలి పక్కన ఎర్రగానో ఊదాగానో సాలెగూడులా కనిపించే సన్నటి గీతలుంటాయే, వాటిని స్పైడర్ సిరలంటారు. ఒక మిల్లీమీటరుకన్నా సన్నం. వెరికోస్ అనాలంటే సిర మూడు మిల్లీమీటర్లైనా ఉండాలి. ఈ సాలెగూళ్ళు చాలామందిలో అందానికి సంబంధించిన బెంగే తప్ప ఆరోగ్యానికి ముప్పు కాదు. వాటికోసం డబ్బాల కొద్దీ క్రీములు రాసినా పోవు. పోగొట్టుకోవాలనుకుంటే వెంట్రుకంత సూదితో మందు ఎక్కించి మూసే పద్ధతి మేలైనది. పైనుంచి లేజరు కూడా ఉంది గాని, మన చామనచాయ ఒంటికి లేజరు కాంతి చర్మపు రంగులోనే సగం ఇంకి మచ్చ పడే ప్రమాదముంది. కాబట్టి 1064 నానోమీటర్ల పొడుగు తరంగం వాడే చోటికే, అనుభవమున్నవారి దగ్గరికే వెళ్ళాలి. రెండిటిలో ఏది చేయించుకున్నా గోధుమరంగు మచ్చలు కొన్ని నెలలు ఉండవచ్చు, కొత్త గీతలు రావచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. కాన్పయ్యాక చాలా మట్టుకు వాటంతటవే తగ్గుతాయి గూడా. ఒక్క మినహాయింపు. ఆ సాలెగూడు చీలమండ లోపలి పక్క విసనకర్రలా విచ్చుకుని ఉంటే మాత్రం అది అలంకారం కాదు, పై సిర కారుతోందన్న హెచ్చరిక.

నా కథకు వస్తాను. రక్తం పోయిన వారానికి నన్ను రక్తనాళాల సర్జను దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మందుచీటీ రాయలేదు. నుంచోబెట్టి డాప్లర్ స్కాను చేయించారు. ధ్వని తరంగాలతో రక్తం ఎటు పోతోందో చూసే యంత్రం అది. ఏ రైలు కూత దగ్గరవుతోందో దూరమవుతోందో చెప్పే డాప్లర్ సూత్రమే. పిక్కను నొక్కి వదిలితే తెరమీద రక్తం పైకి ఎగిరి, తిరిగి గజ్జనుంచి కిందికి జారడం నా కళ్ళతో చూశాను. ఏడేళ్ళ ప్రశ్నకు అర నిమిషంలో సమాధానం. ఈ పరీక్ష పడుకోబెట్టి ముగించేస్తే ఒప్పుకోకండి. గురుత్వాకర్షణ లేకపోతే కారడం ఎలా బయటపడుతుంది? లోతు సిరలు బాగున్నాయా, పాత గడ్డలేమైనా ఉన్నాయా అనేది కూడా ఇందులోనే తేలాలి. లోతు సిర మూసుకుపోయి ఉంటే పై సిరే ప్రత్యామ్నాయ మార్గం. దాన్ని మూస్తే ఉన్న దారి కూడా పోతుంది.

స్కాను లేకుండా "లేజరుతో గంటలో నయం" అనేవారిని నేను నమ్మను. ఇంకో కారణం కూడా ఉంది. 1967లో క్లీవ్‌లాండులో రెనే ఫావలోరో మొదలుపెట్టినప్పటినుంచి గుండె బైపాసుకు తీసి వాడుతున్నది ఈ సఫీనస్ సిరే. చెడిపోయి ఉబ్బిన సిర ఎలాగూ పనికిరాదు గాని, కవాటాలు బాగున్న మంచి సిరను ఊరికే కాల్చి పారేయించుకోవడం తెలివితక్కువ పని.

ఇక చికిత్సలు. మొదటిది బిగువు మేజోళ్ళు. వీటి వెనక ఒక ఇంజనీరు కథ ఉంది, అందుకే నాకు ఇష్టం. అమెరికాలో టొలీడో నగరంలో ఉండే కాన్రాడ్ జాబ్స్ట్ అనే ఆయన స్వయంగా సిరల రోగి. ఈతకొలనులో నిలబడితే కాళ్ళనొప్పి తగ్గడం గమనించాడు. నీళ్ళలో లోతుకు పోయినకొద్దీ బయటి పీడనం పెరుగుతుంది గదా. లోపలి స్తంభానికి బయటి స్తంభం సరిజోడు అన్నమాట. 1950 ప్రాంతంలో చీలమండ దగ్గర ఎక్కువగా, పైకి పోయినకొద్దీ తక్కువగా బిగుసుకునే మేజోళ్ళు ఆ ఆలోచననుంచే పుట్టాయి. డాక్టర్లు సాధారణంగా చీలమండ దగ్గర 20 నుంచి 30 మిల్లీమీటర్ల పీడనం ఇచ్చేవి రాస్తారు, పుండు దాకా వెళ్ళినవారికి ఇంకా బిగువైనవి. చాలామందికి మోకాలి కిందివరకు ఉన్నవి చాలు. పొద్దున మంచం దిగకముందే వాపు లేనప్పుడు తొడుక్కోవాలి. కొలత తీసుకోకుండా కొంటే డబ్బు దండగ. మే నెలలో మన ఊరి ఎండలో అవి తొడుక్కోవడం ఎంత నరకమో చెప్పనక్కర్లేదు. ఇక్కడో జాగ్రత్త. పొగతాగేవాళ్ళలో, షుగరు ఉన్నవాళ్ళలో ధమనులు కూడా సన్నబడి ఉండవచ్చు. పాదంలో నాడి కొట్టుకోవడం చూడకుండా బిగువు మేజోడు తొడిగితే ఉన్న రక్తమూ అందక కాలికే ముప్పు.

మేజోడు వేసుకున్నంతసేపే పని చేస్తుంది, కవాటాన్ని బాగుచెయ్యదు. బరువు, వాపు తగ్గించే మాత్రలూ అంతే. నడక, కాళ్ళెత్తి పడుకోవడం, మడమలు లేపి దించే వ్యాయామం, ఒళ్ళు తగ్గించుకోవడం, ఇవన్నీ మంచివే. వీటితో జబ్బు నెమ్మదించవచ్చు గాని వంకర సిర తిన్నగా కాదు.

గండిని మూయాలంటే దారులు నాలుగు. అన్నిటికన్నా పాతది కోత. జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ 1890 ప్రాంతంలో తొడ దగ్గర సిరను ముడివేసి కోశాడు. 1907లో ఫిలడెల్ఫియాలో బాబ్‌కాక్ సిర లోపలికి తీగ దూర్చి మొత్తంగా లాగేసే సాధనం చేశాడు. మా నాన్నగారి తరంలో "నరాల ఆపరేషను" అంటే ఇదే. వెన్నులో మత్తు, గజ్జలో కోత, కాలంతా కమిలిపోవడం, కొన్ని వారాల విశ్రాంతి. ఇది ఇంకా పనికొచ్చే చికిత్సే. కొత్త యంత్రాలు లేనిచోట అనుభవమున్న సర్జను చేస్తే దీన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు.

రెండోది వేడి. 1990ల చివరనుంచి వచ్చింది. మోకాలి దగ్గర సూదితో సిరలోకి సన్నటి లేజరు తీగనో, రేడియో ఫ్రీక్వెన్సీ తీగనో స్కానులో చూస్తూ గజ్జ దాకా తోస్తారు. సిర చుట్టూ పల్చటి మత్తుమందు కలిపిన సెలైను నింపుతారు. ఆ నీటికి మూడు పనులున్నాయి. నొప్పి తెలియనివ్వదు, సిరను తీగమీదికి నొక్కుతుంది, చుట్టుపక్కల కండకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. రేడియో ఫ్రీక్వెన్సీ అయితే ఏడేసి సెంటీమీటర్ల ముక్కను 20 సెకన్లపాటు 120 డిగ్రీలకు కాచి, వెనక్కు లాగుతూ వస్తారు. సిర గోడ ముడుచుకుని మూసుకుపోతుంది, కొన్ని నెలల్లో నారలా మారి ఇంకిపోతుంది. ఆ వేళే నడిచి ఇంటికి వెళ్ళవచ్చు. కమిలినట్టుండడం, కొన్నాళ్ళు తాడులా లాగినట్టుండడం మామూలే. కొద్దిమందిలో కాలిపక్క మొద్దుబారుతుంది (ఇక్కడ దెబ్బ తగిలేది నిజంగా నాడికే!). ఇంకా కొద్దిమందిలో లోతు సిరలో గడ్డ కట్టవచ్చు, అందుకే తర్వాత స్కాను మానకూడదు.

"సిర మూసేస్తే రక్తం ఎటు పోతుంది సార్?" అని పెద్దయ్య నన్నడిగాడు. మంచి ప్రశ్న. లోతు సిరలగుండా పోతుంది. ఇన్నాళ్ళూ ఈ సిర రక్తాన్ని పైకి చేర్చడం మానేసి కిందికి వదులుతోంది. తప్పుదారిన నడిచే బస్సును ఆపేస్తే ప్రయాణికులకు నష్టమేముంది?

మూడోది నురగ. పాలిడోకనాల్ వంటి మందును గాలితో కలిపి రెండు సిరంజీల మధ్య అటూ ఇటూ తోస్తే సబ్బునురగ అవుతుంది. అది సిరలో రక్తాన్ని పక్కకు నెట్టి లోపలి పొరను పాడుచేసి అతుక్కునేలా చేస్తుంది. ఖర్చు తక్కువ, మత్తు అక్కర్లేదు. ముసలివాళ్ళకు, ఆపరేషను తర్వాత మళ్ళీ వచ్చినవాళ్ళకు, పుండు కింది వంకర సిరలకు బాగా పనికొస్తుంది. కాని పెద్ద సిర మళ్ళీ తెరుచుకోవడం ఎక్కువ. బ్రిటన్‌లో 798 మంది మీద లేజరు, నురగ, కోత మూడిటినీ పోల్చిన పరిశోధనలో అయిదేళ్ళ ఫలితాలు 2019లో వచ్చాయి. లేజరు, కోత చేయించుకున్నవారు నురగ చేయించుకున్నవారికంటే మెరుగ్గా ఉన్నారు. అక్కడి ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు 2013లోనే ముందు వేడి, అది కుదరకపోతే నురగ, అదీ కుదరకపోతే కోత అని వరస పెట్టాయి. మేజోళ్ళను ఇవేవీ కుదరనివారికి వదిలాయి.

నాలుగోది జిగురు. మన ఇంట్లో విరిగిన బొమ్మలతికించే సయనోఅక్రిలేట్ జాతిదే, వైద్యానికి తయారుచేసినది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. చుట్టూ సెలైను ఎక్కించే సూదిపోట్లు లేవు. ఖరీదెక్కువ, కొందరికి ఎర్రగా దద్దురు లేస్తుంది, జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది. బొమ్మలు సరే, మనుషులకైతే నాకు పాతబడ్డ పద్ధతిమీదే గురి.

ఈ నాలుగూ మూల సిరకోసం. కిందనున్న వంకర కొమ్మలను రెండు మూడు మిల్లీమీటర్ల గాట్లలోంచి కొంకితో లాగేస్తారు, కుట్లు కూడా అక్కర్లేదు. ఇవన్నీ చేసినా జన్మలో మళ్ళీ రాదని ఎవరైనా హామీ ఇస్తే లేచి వచ్చేయండి. మిగిలిన సిరలూ ఆ తల్లిదండ్రులిచ్చినవే గదా.

నేను రేడియో ఫ్రీక్వెన్సీ చేయించుకున్నాను. శుక్రవారం చేశారు, సోమవారం క్లాసుకు వచ్చాను. తిరిగొచ్చిన రోజే ల్యాబులో తలుపు దగ్గర నుంచున్న పెద్దయ్యను పిలిచి, "కాలు చూపించండి పెద్దయ్యా" అన్నాను. "వద్దు సార్, తమరు చూడలేరు" అన్నాడు. చూశాను. గుడ్డ విప్పి, మోకాలివరకు పాంటు మడిచి చూస్తే, పుండుకు పైన తొడలోపలికి పోతున్న తాడు నా కాలిమీద ఉన్నలాంటిదే. అయిదేళ్ళలో ఆ పుండుకు మందు రాసినవారెవరూ ఆ పాంటు మోకాలు దాటించి చూడలేదు.

పుండు మానేదాకా కట్లు కట్టి, ఆ తర్వాత సిర సంగతి చూద్దామనడం పాత ఆచారం. అది తప్పని బ్రిటన్‌లో 450 మంది రోగులతో చేసిన పరిశోధన 2018లో తేల్చింది. కట్లతోపాటు వెంటనే సిర మూసినవారికి సగటున 56 రోజుల్లో పుండు మానింది, ఆలస్యం చేసినవారికి 82 రోజులు పట్టింది. అంతకు ముందు 2004లో వచ్చిన ఇంకో పరిశోధనలో, ఒట్టి కట్లతో మానిన పుళ్ళు ఏడాదిలో నూటికి 28 తిరగబెడితే, సిరకు శస్త్రచికిత్స కూడా చేయించుకున్నవారిలో 12 మాత్రమే తిరగబెట్టాయి. ఈ అంకెలు ఒక కాగితంమీద రాసుకుని పెద్దయ్యను వెంటబెట్టుకుని నేనే వెళ్ళాను. పాదంలో నాడి చూశారు, స్కాను చేశారు, రెండు వారాల్లో సిర మూశారు. వారం వారం నాలుగు పొరల కట్టు. మొదటి నెలలో ఏమీ తేడా కనిపించక ఆయన, "పైసలు పోయినట్టేనా సార్?" అన్నాడు. నాకూ గుండెల్లో రాయి పడింది. పదకొండో వారంలో కట్టు విప్పితే గులాబిరంగు చర్మం. నల్లమచ్చ పోలేదు, అది పోదు. పుండు మాత్రం మూతబడింది.

అది జరిగి పద్దెనిమిది నెలలు. ఇప్పుడు ఆయన ప్రాక్టికల్స్‌లో పిల్లల భుజాలమీదుగా వంగి వెర్నియర్ రీడింగులు దిద్దుతున్నాడు. ల్యాబులో రెండు స్టూళ్ళు వేయించుకున్నాం, ఒకటి ఆయనకు, ఒకటి నాకు. రోజూ పొద్దున తాళం తీస్తూనే, "సార్, మేజోడు తొడిగారా?" అని అడుగుతాడు. మే నెలలో నేను అప్పుడప్పుడూ అబద్ధం చెబుతాను. ఆయన నమ్మడు, కళ్ళు దించి నా చీలమండ వంక చూస్తాడు.